మైకమ్మకు ప్రార్థన రాని రోజు

బస్టాండులో మైకమ్మ గొంతు వినని ప్రయాణికుడు లేడు. ఆమె ముఖం చూసినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మెట్ల కింద ఇరుకు గది, మూడు పక్కల అద్దాలు, లోపల ఒక బల్ల, బల్ల మీద మైకు, దాని అడుగున ఎర్ర స్విచ్చు. ఇరవై ఆరేళ్ళుగా ఆ స్విచ్చు మీద ఆమె బొటనవేలే ఉంది. ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అని ఆమె గొంతెత్తితే బెంచీల మీద కునుకుతున్నవాళ్ళు కూడా లేచి సంచులు తడుముకునేవాళ్ళు. బస్సు నంబరు, ప్లాట్‌ఫారం నంబరు, బయలుదేరే వేళ, దారిలో ఆగే చోట్లు. ఒకసారి చెప్పి, ఊపిరి తీసుకుని, పొల్లు పోకుండా మళ్ళీ చెప్పేది. రెండోసారి చెప్పకపోతే మనిషన్నవాడి బుర్రకెక్కదని ఆమె గట్టి నమ్మకం.

చిక్కల్లా ఎక్కడంటే, దేవుడి విషయంలోనూ ఆమెకు అదే నమ్మకం.

ఆదివారం చర్చిలో ప్రసంగం అయ్యాక, సంఘంలో అందరి కష్టాల కోసం చేసే ప్రార్థన పద్దెనిమిదేళ్ళుగా ఆమెదే. మైకు కూడా ఆమె చేతిలోనే ఉండేది. బస్టాండంతా నడిపే గొంతు ఉండగా ఇంకొకరిని ముట్టనిస్తారా? ఎవరికే బాధ వచ్చినా శనివారంలోపు ఆమె నోటుపుస్తకంలో రాయించుకోవాలి. ఆదివారం ఆమె లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, దేవుడికి సవివరంగా విన్నవించేది. "ప్రేమగల తండ్రీ, చర్చి వెనక రెండో వీధిలో, ఆకుపచ్చ గేటు ఇంట్లో, మేడ మీద వాటాలో ఉంటున్న మా సహోదరుడికి ఎడమ మోకాలు తండ్రీ, కుడిది కాదు, ఎడమది, పదిహేను రోజులుగా వాచి ఉంది. ఆ మోకాలిని ముట్టండి తండ్రీ." ఊపిరి తీసుకుని మళ్ళీ వీధి, గేటు, మోకాలు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళయితే వార్డు నంబరు, మంచం నంబరు, డాక్టరు వచ్చే వేళ. మొత్తం పదకొండు నిమిషాలు.

"ఏ బస్సెక్కాలో కూడా చెప్పేశావంటే దేవుడు నేరుగా వచ్చి దిగుతాడు," అనేవాడు ఆమె భర్త. ఆయన రిటైరైన డ్రైవరు. ఆయన వేళాకోళం ఎలా ఉన్నా, సంఘంలో మాత్రం మైకమ్మ నోట వస్తేనే ప్రార్థన ప్రార్థనలా ఉండేది. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర జనం ఆమె చుట్టూ మూగి, "ఎంత బాగా చేశావమ్మా," అనేవాళ్ళు. "అంతా ఆయన కృప," అని ఆమె తల వంచుకునేది. అలా తల వంచుకునే ఆ ఒక్క క్షణం కోసమే ఆమె వారమంతా కాచుకుని కూర్చునేదన్న సంగతి, ఆమెకూ పైనున్న ఆయనకూ తప్ప మూడోవాళ్ళకు తెలియదు.

అలాంటి చోటికి ఫినాయిలమ్మ వచ్చి పడింది.

ఆ పేరు పెట్టింది మైకమ్మే, అదీ మనసులోనే. బస్టాండులో ప్లాట్‌ఫారాలూ మరుగుదొడ్లూ కడగడానికి కొత్తగా చేరిన మనిషి. నలభై దాటిన వయసు, పూచికపుల్లలాంటి ఒళ్ళు, ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో మాపుకర్ర. ఆమె నడిచిపోయిన చోట పావుగంట సేపు ఫినాయిలు వాసన నిలిచేది. దానికి తోడు నోటికి నత్తి. మాట మొదట్లోనే గొంతుకు అడ్డం పడేది. ఎదుటివాళ్ళు ఓపిక పట్టలేక ఆ మాటేదో తామే అందించేసేవాళ్ళు. ఆదివారాలు చర్చికి వచ్చి చివరి బెంచీలో గోడవార కూర్చునేది. మొదట్లో మైకమ్మ ఆమె మీద జాలిపడింది. జాలిపడటానికి పనికొచ్చినన్నాళ్ళు ఎవరైనా మనకు ఇష్టులే.

ఒక బుధవారం సాయంత్రం కూటానికి మైకమ్మ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. రెండు బస్సులు మొరాయించి, తగవుకొచ్చిన ప్రయాణికులకు సర్దిచెప్పి బయటపడేసరికి ఆ వేళైంది. ఇక్కడేమో గడియారాలు బాగుచేసే ఆయన భార్య, రొమ్ములో గడ్డ పరీక్షకు ఇచ్చి వచ్చి, ఏం తేలుతుందోనని వణుకుతూ కూర్చుంది. పాస్టరుగారు మైకమ్మ కోసం గుమ్మం వైపు చూసి చూసి, "ఎవరైనా ప్రార్థించండి," అన్నారు. ఎవరూ కదల్లేదు. చివరికి వెనక బెంచీలోంచి ఫినాయిలమ్మ లేచింది.

"ప్ర... ప్ర... ప్రభువా. ఈవిడ భ... భయం నీకు తెలుసు. మా చే... చేతిలో ఏం లేదు. నీ చేతిలో పె... పెడుతున్నాం. నువ్వు ఎ... ఎట్లా చేస్తే అట్లా. ఆమెన్."

అంతే. నత్తి తీసేస్తే అర నిమిషం కూడా లేదు. మైకమ్మ గుమ్మంలో అడుగుపెట్టేసరికి గడియారాలాయన భార్య ఫినాయిలమ్మ భుజం మీద తల పెట్టి వెక్కుతోంది. మిగతావాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏమైంది? ఎవరైనా పోయారా?" అంది మైకమ్మ హడలిపోయి.

"లేదు వదినా. ప్రార్థన," అంది దగ్గర్లో ఉన్నావిడ ముక్కు చీదుతూ.

పద్దెనిమిదేళ్ళలో తన ప్రార్థన విని ఎవరూ ముక్కు చీదలేదు. ఆ సంగతి మైకమ్మకు ఆ క్షణంలోనే తట్టింది, తట్టింది తట్టినట్టే గుండెలో ముల్లై దిగబడింది.

గడ్డలో ప్రమాదమేమీ లేదని వారం రోజులకు తెలిసింది. మైకమ్మ సంతోషించింది. సంతోషిస్తూనే, ఆదివారం నాడు అదే గడ్డ కోసం తను నాలుగు నిమిషాలు ప్రార్థించిన సంగతి ఎవరూ ఎత్తకపోవడం గమనించింది. గడియారాలాయన భార్య వచ్చి ఫినాయిలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. మైకమ్మకు మాత్రం దూరం నుంచే "వందనాలక్కా" అని ఊరుకుంది.

ఇక అక్కడి నుంచి నోటుపుస్తకం పలచబడింది. రెండు పేజీలు నిండేది అరపేజీకి దిగింది. జనానికి కష్టాలు తగ్గాయా అంటే అదీ కాదు, కష్టాలు వేరే దారి పట్టాయి. గదికి మూడు పక్కల అద్దాలున్నందుకు మైకమ్మ మొట్టమొదటిసారి విచారించింది. ఎటు చూసినా ఫినాయిలమ్మే. టికెట్ల సంచీ చంకన పెట్టుకుని ఒక కండక్టరు వచ్చి ఆమె చెవిలో ఏదో చెప్తాడు. ఆమె మాపుకర్ర గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్ళు మూసుకుంటుంది. అర నిమిషం. అతను తేలికైన మొహంతో వెళ్ళిపోతాడు. ‘పొద్దుటి నుంచి ఇది నాలుగో మనిషి,’ అనుకునేది మైకమ్మ. ఒకరోజు అలా లెక్కపెడుతూ పెడుతూ, రెండో ప్లాట్‌ఫారం బస్సును పన్నెండో ప్లాట్‌ఫారం మీద ఉందని చెప్పేసింది, పైగా అలవాటు ప్రకారం రెండుసార్లు. యాభై మంది పెట్టెలూ మూటలూ ఎత్తుకుని ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తారు. ఇరవై ఆరేళ్ళలో అదే ఆమె మొదటి తప్పు.

ఇంటికి వెళ్ళి పళ్ళెం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

"నిన్నెవరేమన్నారని ఈ ఏడుపు?" అన్నాడు భర్త. "అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఎవతో. ఆవిడ నవ్వను కూడా నవ్వలేదు కదా."

"నవ్వినా బాగుండేది. తిట్టిపోసేదాన్ని," అంది మైకమ్మ. "మాటే రాని మనిషండీ. రెండు ముక్కలు కలిపి చెప్పలేదు. దేవుడికి అంత తీరిగ్గా వినే ఓపిక ఎక్కడ్నుంచి వచ్చిందంట?"

భర్త జవాబు చెప్పకుండా మజ్జిగ పోసుకున్నాడు. కాపురం పొడుగునా ఆయన కాపాడుకున్న తెలివి అదొక్కటే.

మైకమ్మ తెలివితక్కువ మనిషి కాదు. జనానికి పొట్టి ప్రార్థన నచ్చుతోందని తేల్చుకుని, తనూ పొట్టిగానే చేద్దామనుకుంది. మూడు రోజులు వంటగదిలో అద్దం ముందు సాధన చేసింది. ఆదివారం లేచి, కళ్ళు మూసుకుని, అక్కడక్కడ ఆగుతూ, "ప్రభువా... మాకు... ఏమీ చేతకాదు... ఆమెన్," అని కూర్చుంది. గొంతు మాత్రం బస్సును పిలిచినంత గుండ్రంగా, నిండుగా వచ్చింది. చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. ఆరాధన అయ్యాక ఒక ముసలావిడ వచ్చి ఆమె గడ్డం పట్టుకుని, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? మధ్యలో ఆపేశావేం?" అంది. ఆ మాటకు మైకమ్మ కుతకుత ఉడికిపోయింది.

తర్వాతి నెలలో పాస్టరుగారు మైకమ్మ ప్రార్థన ముగియగానే, "చివర మన సహోదరి కూడా ఒక మాట ప్రార్థిస్తుంది," అని ఫినాయిలమ్మను ముందుకు పిలిచారు. మైకమ్మే మైకు అందించాలి. అందించింది. అందిస్తూ అందిస్తూ, బొటనవేలితో స్విచ్చు కిందికి నొక్కింది. ఎవరూ చూడలేదు. ఫినాయిలమ్మ నోరు తెరిచింది, స్పీకర్లలో చడీచప్పుడూ లేదు. వినబడక జనం విసుక్కుంటారు, పాస్టరుగారు ఇంక చాలమ్మా అంటారు, అక్కడితో సరి అనుకుంది మైకమ్మ. జరిగిందేమిటంటే, వెనక బెంచీలవాళ్ళు ఒక్కొక్కరే లేచి ముందుకు వచ్చారు. పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు వచ్చారు. కర్ర ఊతంతో నడిచే తాత వచ్చాడు. అందరూ ఆ సన్నటి మనిషి చుట్టూ గుమిగూడి, చెవులు రిక్కించి, నత్తి మాటలు ఒక్కొక్కటీ ఏరుకుని విన్నారు. ఫినాయిలమ్మ పనిచేయడం లేదని తిరిగి ఇచ్చేసిన మైకును చేత్తో పట్టుకుని, ఆ గుంపుకు బయట మైకమ్మ ఒక్కతే నిలబడి ఉంది. లోపల ఏం ప్రార్థన జరిగిందో ఆమెకే వినబడలేదు.

ఆ రోజు ఇంటికి పోతూ మనసులో ఒక మాట ఖాయం చేసుకుంది. సోమవారం పాస్టరుగారి ఇంటికి వెళ్ళింది.

"అయ్యగారూ, నాకేం లేదు. ఆవిడ గురించే నా బాధ. పిల్లలు వెక్కిరిస్తున్నారు. ఆదివారం బడిలో నత్తిగా ఆమెన్ చెప్పి నవ్వుకుంటున్నారు. పాపం, అంతమంది ముందు నిలబెట్టి అవమానం చేస్తున్నామేమో అనిపిస్తోంది."

పిల్లలు వెక్కిరించిన మాట నిజమే, ఒక్క రోజు, ఇద్దరు పిల్లలు. మెత్తటి మనిషి కావడంతో పాస్టరుగారు ఆ మాట నమ్మారు. నొచ్చుకుంటూనే ఫినాయిలమ్మను పక్కకు పిలిచి, కొన్నాళ్ళు కూటాల్లో పైకి ప్రార్థించవద్దనీ, మనసులో చేసుకోమనీ చెప్పారు. ఆమె ఎందుకని అడుగుతుందేమోనని మైకమ్మ స్తంభం పక్కన నిలబడి వింది.

"స... సరే అయ్యగారూ," అంది ఫినాయిలమ్మ. వెళ్ళి తన బెంచీలో తను కూర్చుంది.

కక్ష తీరితే చల్లగా ఉంటుందంటారు. మైకమ్మకు చల్లగా లేదు. ఎదుటిమనిషి కాస్త ఏడ్చినా, ఎవరితోనైనా చెప్పుకున్నా బాగుండేది. ఇలా ‘సరే’ అని పోతే అది కూడా ఆవిడ గొప్పే అయి కూర్చుంది. మూడు నెలలు గడిచాయి. పదకొండు నిమిషాలూ మళ్ళీ మైకమ్మవే అయ్యాయి, కడుపుమంట మాత్రం ఒక్క ఆదివారమూ సెలవు తీసుకోలేదు.

ఇంతలో కూతురి సంగతి ముందుకొచ్చింది.

మైకమ్మకు ఒక్కతే కూతురు. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ పోయింది. మూడోసారి ఏడో నెల వచ్చింది గాని రక్తపోటు ఎక్కువై, ఆసుపత్రిలో పెట్టారు. మంచం దిగకూడదన్నారు. మైకమ్మ రోజూ డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వెళ్ళేది. మంచం పక్కన నిలబడి, కూతురి నుదుటి మీద చెయ్యి వేసి, గొంతెత్తి ప్రార్థించేది. వార్డు నంబరు, మంచం నంబరు, రక్తపోటు అంకెలు పైదీ కిందదీ, వాచిన కాళ్ళు, ఇంతకు ముందు పోయిన రెండు నెలల బిడ్డ, నాలుగు నెలల బిడ్డ, అన్నీ వరసగా. వార్డులో మిగతా మంచాలవాళ్ళు తలలు తిప్పి వినేవాళ్ళు.

నాలుగో రోజు ఆమె ఆమెన్ అనగానే కూతురు ఆ చేతిని నుదుటి మీద నుంచి మెల్లగా తీసేసింది.

"అమ్మా, ఒకటి చెప్తాను, తప్పుగా అనుకోకు. నువ్వు ప్రార్థన చేస్తుంటే నాకు భయమేస్తోంది."

"భయమేంటే?"

"మర్చిపోదామనుకున్నవన్నీ నువ్వు మళ్ళీ చదువుతావు. అయ్యాక చాలాసేపు గుండె దడదడలాడుతుంది. మీ బస్టాండులో పనిచేసే ఆంటీని ఒక్కసారి తీసుకురావా? నత్తిగా మాట్లాడుతుందే, ఆవిడ."

"ఆవిడ నీకెట్లా తెలుసు?"

"రెండో బిడ్డ పోయినప్పుడు, ఆసుపత్రి నుంచి వచ్చి బస్సు కోసం తొమ్మిదో ప్లాట్‌ఫారం దగ్గర కూర్చున్నాను. ఒకటే ఏడుపు. ఆవిడ మాపుకర్ర పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది. అరగంట కూర్చుంది. ఏం మాట్లాడలేదు. చివర్లో ‘ఈ పిల్లని చూడు ప్రభువా’ అంది, అంతే. ఆ రోజు రాత్రి నిద్రపట్టిందమ్మా నాకు."

"నా దగ్గరికి రాలేదేం? నేనక్కడే ఉన్నాగా! నలభై అడుగుల దూరంలో!"

"నువ్వు మైకులో ఉన్నావు," అంది కూతురు.

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఉన్న సంగతి చెప్పిందంతే. అందుకే మైకమ్మకు అది మరీ నొప్పెట్టింది. సంఘం పోతే పోయింది, కండక్టర్లు పోతే పోయారు, కన్నకూతురు కూడానా? ఆ బకెట్టు మనిషి తన ఇంట్లోకి కూడా వచ్చి కూర్చుందా? "ఆవిడ సెలవులో ఉంది. ఊరెళ్ళింది," అంది వెంటనే. మర్నాడు కూతురు మళ్ళీ అడిగింది. "ఇంకా రాలేదు," అంది. ఆ రోజు పొద్దున్నే ఫినాయిలమ్మ ఆమె గది అద్దాలు తుడిచి వెళ్ళింది.

మూడో రోజు పదకొండున్నరకు అల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, బీపీ బాగా పెరిగిపోయింది. బిడ్డ గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదట. ఆపరేషన్ చేసి తీసేయాలంటున్నారు, గంటలో. ఇద్దరికీ గ్యారంటీ ఇవ్వలేమంటున్నారు. తను ఆ ఆంటీ వచ్చిందా అని అడుగుతోంది. ఎక్కడున్నా పిలిపించమంటోంది."

మైకమ్మ ఫోన్ పెట్టేసింది. మొదట చేసిన పని, ఎవరినీ పిలవకుండా తనే మోకరించడం. ఇంత మాత్రం నేను చేయలేనా అనే పౌరుషం అప్పటికీ చావలేదు. బల్లకూ గోడకూ మధ్య ఇరుకులో మోకాళ్ళ మీద కూర్చుని, "సర్వశక్తిమంతుడవైన తండ్రీ, మూడో వార్డు," అంది. అక్కడితో ఆగిపోయింది. "మూడో వార్డు," అంది మళ్ళీ. పద్దెనిమిదేళ్ళు ధారగా వచ్చిన మాటలు ఒక్కటీ రావడం లేదు. తల ఎత్తి చూస్తే గదిలో ఎవరూ లేరు. వినే జనం లేకుండా తను పైకి నోరు విప్పి ప్రార్థించి ఎన్నాళ్ళయిందో ఆలోచించింది. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఇన్నాళ్ళూ ఎవరికి చెప్పినట్టు, ఎవరు విన్నట్టు?

లేచి మూడు అద్దాల్లోంచీ చూసింది. ఫినాయిలమ్మ కనబడలేదు. రోజూ కళ్ళలో నలుసులా కనబడే మనిషి ఆ రోజు కనబడలేదు. ఇరవై రెండు ప్లాట్‌ఫారాలు, రెండంతస్తులు, వెనక షెడ్లు. వెతుకుతూ పోతే గంట చాలదు. పనివాళ్ళ ఫోన్లు గదిలో తాళం వేసి ఉంటాయి. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అని లోకం అనుకుంటే అనుకోనీ అనుకుంది. కుర్చీలో కూర్చుని స్విచ్చు నొక్కింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అని అలవాటుగా మొదలైంది. ఆ తర్వాత ఏ నంబరు చెప్పాలో తెలియలేదు. బస్టాండు ఎదురుచూస్తోంది.

"చెల్లీ," అంది. ఆ పిలుపు ఆమె నోట ఎప్పుడూ రాలేదు. "ప్లాట్‌ఫారాలు కడిగే చెల్లీ, ఎక్కడున్నా నా గదికి రా. నా కూతుర్ని ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నారు. నువ్వు కావాలంటోంది. మూడు రోజుల నుంచి అడుగుతోంది, నేనే నీకు చెప్పలేదు. ఊరెళ్ళావని అబద్ధం చెప్పాను. చర్చిలో నీ నోరు మూయించింది నేనే. ఆ రోజు మైకు ఆపేసింది కూడా నేనే. నిన్ను చూస్తే ఓర్చుకోలేను నేను. ఇప్పుడు నాకు ప్రార్థన రావడం లేదు. దేవుడా, నాకు రావడం లేదు. రా చెల్లీ."

స్విచ్చు మీద నుంచి వేలు తీయడం మర్చిపోయింది. ఆమె వెక్కిళ్ళు ఇరవై రెండు ప్లాట్‌ఫారాల మీదా వినబడ్డాయి. టికెట్ల కౌంటరావిడ పరుగెత్తుకొచ్చి వేలు తప్పించి, "నువ్వు వెళ్ళక్కా, ఇక్కడ నేను చూసుకుంటా," అంది. ఆమె వెనకే తడికాళ్ళతో, పైకి దోపిన చీర కుచ్చిళ్ళతో ఫినాయిలమ్మ వచ్చి నిలబడింది. నీళ్ళ ట్యాంకు దగ్గర నుంచి పరుగెత్తినట్టుంది, ఊపిరి అందడం లేదు. మైకమ్మ ఏదో చెప్పబోయింది.

"ప... పదండి," అంది ఫినాయిలమ్మ.

ఆటోలో ఇరుకు సీటులో భుజానికి భుజం తగులుతోంది. ఇంత జరిగాక కూడా, తను చెప్పిందంతా విని ఈ మనిషి ఒక్క మాట అనలేదే, ఇందులోనూ నాకంటే పైచేయి తనదేనా అని మైకమ్మకు అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆపరేషన్ గది ముందు నడవాలో కూతురిని చక్రాల మంచం మీద ఆపి ఉంచారు. అల్లుడు పక్కన నిలబడ్డాడు. ఫినాయిలమ్మను చూడగానే కూతురు రెండు చేతులూ చాచింది. ఆమె ఆ చేతుల్ని పట్టుకుని, కాసేపు ఉంచుకుని, అలాగే తీసుకెళ్ళి మైకమ్మ చేతుల్లో పెట్టింది.

"అ... అక్కా, మీరు చేయండి."

"నాకు రావడం లేదమ్మా. చెప్పానుగా."

"అ... అదే చెప్పండి ఆయనకి."

నర్సు తొందరపెడుతోంది. మైకమ్మ కూతురి ముఖం చూసింది. కళ్ళు మూసుకోలేదు. గుండ్రటి గొంతు ఎక్కడికి పోయిందో, బొంగురుగా, పక్కవాళ్ళకే వినబడీ వినబడనట్టు మాట వచ్చింది. "ప్రభువా, నాకు రావడం లేదు. ఇది నా బిడ్డ. దీని కడుపులో బిడ్డ." తర్వాత మాట ఏమిటో ఆమెకు తెలుసు. అదే గొంతులో అడ్డం పడింది. ఇన్నేళ్ళూ ఆయనకు ఏం చేయాలో, ఏ మోకాలు ముట్టాలో చెప్పిందే తప్ప, నీ ఇష్టం అని ఒక్కసారీ విడిచిపెట్టలేదు. విడిస్తే ఆయన తీసుకుపోతాడేమోనని భయం. కూతురు ఆమె వేళ్ళు గట్టిగా పట్టుకుంది. "నీ చేతిలో పెడుతున్నా," అంది మైకమ్మ. "నువ్వు ఎట్లా చేస్తే అట్లా."

"ఆమెన్," అంది కూతురు. మంచం లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగైంది. డాక్టరు బయటికి వచ్చి, తల్లికి ప్రమాదం లేదని చెప్పింది. ఆడపిల్ల. కిలో కంటే కాస్త ఎక్కువ. ఊపిరి తీసుకోలేకపోతోందనీ, గొట్టాలు పెట్టామనీ, ఈ రెండు రోజులూ గడవాలనీ చెప్పింది. ఆ పాప బతికిందా అని మీరడుగుతారు. బతికింది, ఇప్పుడు ఇల్లు పీకి పందిరి వేస్తోంది. కాని ఆ సాయంత్రం ఆ సంగతి అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు.

పిల్లల గది తలుపు తెరుచుకుని నర్సు తొంగి చూసింది. "పాప నాన్నతో పాటు ఇంకొక్కరు రావచ్చు. ఒక్క నిమిషమే. ఇవాళ్టికి మళ్ళీ ఎవర్నీ పంపం. తల్లికి మెలకువ వచ్చింది, పాప దగ్గర ఎవరినైనా ప్రార్థన చేయమని అడిగింది."

అల్లుడు ఇద్దరి వంకా చూశాడు. అమ్మమ్మ ఎవరో, పరాయి మనిషి ఎవరో అతనికి తెలియక కాదు. భార్య మనసులో ఎవరున్నారో కూడా తెలుసు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

మైకమ్మ అప్పటికే లేచి రెండడుగులు వేసింది. తన రక్తం, తన మనవరాలు. రేపు ఉంటుందో ఉండదో తెలియదు, ప్రాణంతో చూడటానికి దొరికేది ఈ ఒక్క నిమిషమే కావచ్చు. వెనక బెంచీ మీద ఫినాయిలమ్మ కదలకుండా, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆశ కూడా లేదు ఆ ముఖంలో.

"నువ్వెళ్ళు చెల్లీ," అంది మైకమ్మ.

"అ... అక్కా, మీరు అ... అమ్మమ్మ."

"వెళ్ళమంటున్నానా! నా మనసు మళ్ళీ మారిపోతుంది, వెళ్ళు!"

ఫినాయిలమ్మ లేచి వెళ్ళింది. తలుపు మూసుకుంది. మైకమ్మ బెంచీ మీద కూలబడింది. త్యాగం చేస్తే మనసు తేలికవుతుందని చెప్పేవాళ్ళను తీసుకొచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెట్టాలి. ఆమెకు తేలికగా లేదు. కడుపు భగభగమని మండుతోంది. పాప ముక్కు ఎలా ఉందో, జుట్టుందో లేదో, ఆవిడే ముందు చూస్తుంది, ఆవిడే ముందు చెప్తుంది.

"ప్రభువా," అంది మెల్లగా, "నేను చూడాల్సిన బిడ్డని ఆవిడ చూస్తోంది. నాకు ఏడుపుగా ఉంది. ఇది నా వల్ల పోదు. దీన్ని కూడా నువ్వే తీసుకో."

ఆమెన్ అనడం కూడా మర్చిపోయి, మూసిన తలుపు వంకే చూస్తూ కూర్చుంది.